ఫర్హా కట్టిన పేజీలు

రెండో పట్టికలో ముప్పై ఏడు అని ఉంది. వ్యాసం లోపల మాత్రం ముప్పై అని ఉంది. ఫర్హా రెండుసార్లు చూసింది. మూడోసారి కళ్లజోడు తీసి చున్నీతో తుడుచుకుని మళ్లీ చూసింది. తేడా నిజమే.

విశాఖపట్నం ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఆమె పనిచేసే ఆఫీసు ఉంది. విదేశాల్లో వెలువడే వైద్య, విజ్ఞాన పత్రికలకు అక్కడ పేజీలు కడతారు. డాక్టర్లు, ప్రొఫెసర్లు టైపు చేసి పంపిన వ్యాసం ముద్దలా వస్తుంది. దాన్ని శీర్షికలు, పట్టికలు, ఫోటోలు ఎక్కడివక్కడ అమర్చి, రెండు కాలమ్‌ల పేజీలుగా తీర్చి పంపాలి. ఏదైనా అనుమానం వస్తే రచయితకు ప్రశ్న పెట్టవచ్చు. సొంతంగా దిద్దకూడదు. ప్రశ్న పెడితే టైము పోతుంది, రోజుకు కట్టాల్సిన పేజీలు తగ్గుతాయి. అందుకని చాలామంది పెట్టరు.

ఫర్హా పెడుతుంది. వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసిన కరీం బాషా కూతురు ఆమె. బీఎస్సీ మైక్రోబయాలజీ చదివిన ఏడాదే తండ్రి పోయాడు. ఎమ్మెస్సీ ఆలోచన పక్కన పెట్టి ఈ ఉద్యోగంలో చేరి ఏడేళ్లయింది. చదువు ఆగిపోయిందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఉదయం గుండెజబ్బు, మధ్యాహ్నం సముద్రపు నాచు, సాయంత్రం ఉక్కులో పగుళ్లు. ఏ వ్యాసం వచ్చినా పేజీ కట్టేముందు ఒకసారి చదివేస్తుంది. అర్థంకాని మాట తగిలితే మధ్యాహ్నం అన్నం తింటూ ఫోనులో వెతుక్కుంటుంది.

ఆ రోజు ఆమె ముందున్నది చేపలు పట్టేవాళ్ల చేతులకు వచ్చే ఒక పుండు గురించి. చేప ముల్లు గుచ్చుకున్నచోట నీళ్లలో ఉండే ఒక క్రిమి లోపలికి పోతుంది. క్షయ క్రిమికి దగ్గర చుట్టం. అయితే దానికి ఒంటి లోపలి వేడి పడదు. చల్లగా ఉండే వేళ్ల మీద, చేతుల మీద పెరుగుతుంది. అందుకే ల్యాబ్‌లోనూ ముప్పై డిగ్రీల దగ్గర ఉంచితేనే మొలుస్తుంది. మామూలుగా ఉంచే ముప్పై ఏడు దగ్గర ఉంచితే ఏమీ కనబడదు. వ్యాసం ప్రాణమంతా ఆ ఒక్క అంకెలో ఉంది. పట్టికలో ఆ అంకే తప్పు.

‘వ్యాసంలో 30, రెండో పట్టికలో 37. ఏది సరైనది?’ అని రాసింది. అది ఆ వ్యాసానికి పెట్టిన నాలుగో ప్రశ్న.

మర్నాడు జవాబు వచ్చింది. ‘ముప్పై! అలాగే అచ్చయి ఉంటే ఈ వ్యాసం చేసే మేలుకన్నా కీడే ఎక్కువయ్యేది. ఇది గమనించిన మనిషికి నా దండం చెప్పండి.’

ఫర్హా ఆ రోజంతా నవ్వుతూనే ఉంది. జవాబులో ఆమె పేరు లేదు. ఉండే వీలు కూడా లేదు. ప్రశ్నల మీద నంబర్లే తప్ప మనుషుల పేర్లు ఉండవు.

ఇది ఏప్రిల్‌లో జరిగింది.

జులైలో ఒక మంగళవారం ఉదయం, ఆఫీసుకు బయల్దేరుతుండగా గుమ్మంలో నూకాలు కనబడింది. నూకాలు ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఇరవై ఏళ్లుగా వాళ్ల వీధికి వస్తోంది. ఫర్హా ఆమెను పిన్ని అని పిలుస్తుంది. ఫర్హా తల్లి మెహబూబ్ బీకి కష్టసుఖాలు చెప్పుకునే మనిషి. ఆ రోజు నెత్తిన గంప లేదు.

“సేపలు తేనేదు బీబీ అక్కా. సుక్కురవారం పైవేటు ఆసుపత్రోళ్లు మా ఆయన ఏలు కోసేత్తారంట. ఆ ముక్క నీతో సెప్పి పోదామనొచ్చినాను” అంటూ మెట్టు మీద కూలబడింది.

“యా అల్లా! దొరబాబు వేలా? ఎందుకే?” అంది మెహబూబ్ బీ.

“కుడిసేతి సూపుడేలు. జెల్ల సేప ముల్లు గుచ్చుకున్నాది అంతే. ఎనిమిది నెలలై మానడం నేదు. ఏట మానీసి ఇంట్లో కూకున్నాడు. టెస్టుల మీద టెస్టులు సేయించినాం. ఏ పురుగూ నేదంతన్నారు. పురుగు నేపోతే సెయ్యెందుకు పాడైపోతాదమ్మా?”

చెప్పు తొడుక్కుంటున్న ఫర్హా ఆగిపోయింది.

“పిన్నీ, ఆ చెయ్యి ఫోటో ఏమైనా ఉందా?”

నూకాలు ఫోను తీసి చూపించింది. వేలు మీద ఒక పుండు. అక్కణ్నుంచి చేతి వెనకవైపుగా మోచేతి దాకా, పూసలు గుచ్చినట్టు ఒకే వరసలో ఎర్రటి గడ్డలు. ఆ వరస ఆమెకు తెలుసు. మూడో పేజీలో, ఎడమ కాలమ్‌లో, అలాంటి ఫోటోనే తన చేత్తో అమర్చింది.

“పిన్నీ, ఆ టెస్టు ఎన్ని డిగ్రీల వేడిలో చేశారో చెప్పారా?”

“వేడేటి? టెస్టుకి వేడేటమ్మా?”

“శుక్రవారం అన్నావు కదూ? నాకు రేపటిదాకా టైమివ్వు. వేలు మీద చెయ్యి వెయ్యనీకు!”

బస్సులో కూర్చున్నంతసేపూ ఆమెకు అదే ఆలోచన. గుర్తున్నది చెబితే చాలదు. ఏ డాక్టరైనా పేజీలు కట్టే అమ్మాయి మాట విని ఆపరేషన్ ఎందుకు ఆపుతాడు? కాగితం చూపించాలి. ఫోనులో ఆ పత్రిక సైటు తెరిచింది. వ్యాసం అచ్చయింది. పేరుంది, ఎనిమిది వాక్యాల సారాంశం ఉంది. అందులో డిగ్రీల సంగతి లేదు. కింద ఒక తాళం బొమ్మ. తక్కినది చదవాలంటే నలభై డాలర్లు. అదీ ఇరవై నాలుగు గంటలకే.

మూడున్నర వేలు దాటుతుంది. అయితే అయిందని కార్డు నంబరు కొట్టింది. విదేశాలకు చెల్లదని వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే.

ఆఫీసులో టీమ్ లీడర్ త్రినాథరావు దగ్గరికి నేరుగా వెళ్లింది. ఈ పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నవాడు, గట్టిగా మాట్లాడడం ఎరగనివాడు. జరిగింది మొత్తం విన్నాడు.

“ఏప్రిల్ ఫైలు మన దగ్గర ఉండదమ్మా. నెల దాటితే తుడిచేస్తారు. ఉన్నా ఇవ్వకూడదు. బయటికి తీసుకెళ్లబోమని అందరం సంతకం పెట్టాం.”

“తెలుసు సర్. అందుకే అడుగుతన్నాను గానీ వెతకలేదు. కానీ ఆ పేజీలు కట్టింది నేను. చదవాలంటే నలభై డాలర్లు నేనే కట్టాలా?”

“నీ జీతం, నా జీతం ఆ డాలర్లలోంచే వస్తన్నాయి కదా.”

“నిజమే సర్. కాదనను. రాసిన డాక్టరమ్మకి అందులో ఏమైనా వస్తుందా?”

త్రినాథరావు తల అడ్డంగా ఊపాడు.

“ఆ వ్యాసం సరిగ్గా ఉందో లేదో చదివి చెప్పిన పెద్ద డాక్టర్లకి?”

“వాళ్లకీ ఏమీ ఇవ్వరు.”

“మరి మొత్తం ఎటు పోతోంది సర్?”

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. గొంతు తగ్గించి, “నన్నడిగితే ఏం చెప్తాను? రాసినావిడ మెయిల్ అడ్రస్ ఆ సారాంశం కిందే ఉంటుంది చూడు. దానికి తాళం ఉండదు” అన్నాడు.

ఫర్హా టీ టైములో బాల్కనీలో నిలబడి తన సొంత ఫోను నుంచి మెయిల్ రాసింది. రచయిత మంగళూరులో చర్మవైద్యురాలు, డాక్టర్ శకుంతల షెణై. జెల్ల ముల్లు గురించి, శుక్రవారం గురించి రాసింది. దొరబాబు చేతి ఫోటో జత చేసింది. చివర్లో, ఎందుకో చెప్పాలనిపించి, ‘నాలుగో ప్రశ్న పెట్టింది నేనే’ అని, కింద తన ఫోను నంబరూ కలిపింది.

ఒంటిగంటకు అన్నం డబ్బా మూత తీస్తుండగా ఫోను మోగింది.

“నాలుగో ప్రశ్న మీదేనా? ఎవరు పెట్టారో చెప్పమని ఆ పత్రికవాళ్లకు రెండుసార్లు రాశాను. ఎవరూ చెప్పలేదు!” అవతల డాక్టర్ షెణై ఇంగ్లీషులో దాదాపు అరుస్తోంది. ఫర్హా కుర్చీలోంచి లేచి నిలబడింది. “ఫోటో చూశాను. చూసి నిర్ధారించలేను, కానీ నా పేషెంట్ల చేతులు అచ్చం ఇలాగే ఉండేవి. వేలు తీయడం ఆపించండి. ముందు ముప్పై డిగ్రీల దగ్గర పరీక్ష చేయమనండి. వ్యాసం ఇప్పుడే పంపుతున్నాను. అయితే ఒక మాట, నేను టైపు చేసుకున్న ప్రతి పంపుతాను. అచ్చయిన పేజీలు పంపే హక్కు నాకు లేదు. ఒప్పందం మీద సంతకం పెట్టినరోజే పోయింది.”

“అంటే నేను కట్టిన పేజీలు...”

“అవును. మీరు కట్టినవి మీరు కొనుక్కోవాలి, నేను రాసినవి నేను కొనుక్కోవాలి!”

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక డాక్టర్ షెణై మెల్లగా చెప్పింది. వ్యాసాన్ని అందరికీ తెరిచి ఉంచాలంటే దారి లేకపోలేదట. రచయిత రెండున్నర లక్షలు కడితే తాళం తీస్తారట. “ప్రభుత్వాసుపత్రి జీతం మీద ఎక్కడ తెచ్చేది? నేను ఆ పత్రికకు ఆరేళ్లుగా ఊరికే వ్యాసాలు చదివి పెడుతున్నాను. అడిగితే ఆ సంగతి వేరు, ఈ సంగతి వేరన్నారు.”

సాయంత్రం ఇదంతా విన్న మెహబూబ్ బీ ఉల్లిపాయలు తరుగుతూ తరుగుతూ ఆగింది. “రాసినామెకు ఇవ్వరు, చదివి చెప్పినోళ్లకు ఇవ్వరు, చదవాలన్నోళ్ల దగ్గర మాత్రం తీసుకుంటారు. ఇదేం బేరం బేటీ? మన నూకాలు కూడా ఇలా చెయ్యదు.”

మర్నాడు ఫర్హా సెలవు పెట్టింది. నూకాలును, దొరబాబును వెంటబెట్టుకుని నగరంలో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రికి పోయింది. అక్కడ చర్మవ్యాధుల విభాగంలో డాక్టర్ అచ్యుతరామయ్య కోపిష్టి అని పేరు. ఫర్హా చేతిలో కాగితాలు చూడగానే ఆయన ముఖం ముడుచుకుంది.

“ఏంటి, గూగుల్లో చదివొచ్చారా?”

“గూగుల్లో దొరకలేదు సర్. డబ్బు కట్టడం కుదరక, రాసిన డాక్టర్‌గారినే అడిగి తెచ్చాను.”

ఆ మాటకు ఆయన తలెత్తాడు. కాగితాలు అందుకుని మొదటి పేజీ కూర్చుని చదివాడు. రెండో పేజీ మధ్యలో లేచి నిలబడ్డాడు. దొరబాబు చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, గడ్డల వరస మీద వేలితో రాస్తూ మోచేతి దాకా పోయాడు.

“ఈ చేతిని ఇదివరకు నేనూ చూశాను, వేరేవాళ్ల ఒంటి మీద. అలర్జీ అని పంపేశాను” అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తను అనుకున్నట్టు. వెంటనే ల్యాబ్‌కు ఫోను చేశాడు. “మన ఇంక్యుబేటర్లు ఎంత మీద నడుస్తున్నాయి? అన్నీ ముప్పై ఏడేనా? మూల పడేసిన పాతది పనిచేస్తుందా? ముప్పై మీద పెట్టండి. ఇప్పుడే!”

“మరి సుక్కురవారం ఏలు కోయించుకోవాలా, ఒద్దా బాబూ?” అడిగాడు దొరబాబు. అంతసేపూ ఆయన అడిగింది అదొక్కటే.

“ఇంటికి పోయి అన్నం కలుపుకు తిను. ఎడం చేత్తోనే. కుడిచేతి సంగతి నేను చూస్తాను.”

నూకాలు ఆసుపత్రి వరండాలోనే ఫర్హా తల దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది.

పుండు నుంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో పెట్టారు. వారం గడిచింది. ఏమీ లేదు. రెండో వారమూ ఏమీ లేదు. ఫర్హా రోజూ ఫోను చేసేది. ల్యాబ్‌లో అమ్మాయి ఆమె గొంతు వినగానే ‘ఇంకా లేదు మేడమ్’ అనేసేది. పద్దెనిమిదో రోజు సాయంత్రం ఆమె బస్సులో జగదాంబ జంక్షన్ దాటుతుండగా అచ్యుతరామయ్యే ఫోను చేశాడు.

“మొలిచిందమ్మా! వెలుతురు తగలగానే పసుపుపచ్చగా మారుతోంది. నీ కాగితంలో ఎలా ఉందో అలాగే!”

“మొలిచిందా!” అని ఫర్హా అరిచిన అరుపుకు బస్సు మొత్తం ఇటు తిరిగింది. పక్కసీటు ఆవిడ, “మామిడి మొక్కా అమ్మా?” అని అడిగింది.

రెండు రకాల మాత్రలు మొదలుపెట్టారు. నెలకు గడ్డలు చల్లారాయి, మూడో నెలకు పుండు మూసుకుంది. ఐదు నెలల తర్వాత దొరబాబు కుడిచేత్తో తాడు లాగి చూపించి మళ్లీ చేపల వేటకు పోయాడు.

అచ్యుతరామయ్య అక్కడితో ఆగలేదు. ఆదివారాలు ఫిషింగ్ హార్బర్‌కు పోయి కూర్చున్నాడు. నూకాలు ముందు నడిచి, చేతులు దాచుకునేవాళ్లను ఒక్కొక్కరినే పిలుచుకొచ్చేది. “సూపించరా బాబూ, సిగ్గేటి? మా ఆయన సెయ్యి బాగైపోనాది సూడు!” అలా తొమ్మిదిమంది తేలారు. అందులో ఇద్దరికి అంతకుముందే వేళ్లు తీసేసి ఉన్నాయి.

తొమ్మిదిమంది గురించీ ఆయనా, మంగళూరు డాక్టరూ కలిసి వ్యాసం రాశారు. ఎక్కడ వేయాలన్న దగ్గర పెద్ద వాదన జరిగింది. అచ్యుతరామయ్యకు దాన్ని పేరున్న విదేశీ పత్రికలో చూసుకోవాలని ఉంది. ఆయన రిటైరవడానికి ఏడాదే ఉంది, అది తప్పేం కాదు. ఫోనులో షెణై ఒప్పుకోలేదు.

“హార్బర్ పక్కన చిన్న క్లినిక్ పెట్టుకున్న డాక్టరు చదవకపోతే మనం రాసి ఏం లాభం సర్? ఈసారి తాళం పడనివ్వను.”

దక్షిణాది చర్మవైద్యుల సంఘం ఒకటి సొంతంగా ఒక పత్రిక నడుపుతోంది. రాసేవాళ్ల దగ్గర తీసుకోదు, చదివేవాళ్ల దగ్గరా తీసుకోదు. డాక్టర్ల చందాలతో నడుస్తుంది. కాకపోతే పేజీలు కట్టే మనిషి మానేయడంతో ఆరునెలలుగా సంచిక ఆగిపోయింది.

“నేను కడతాను సర్. ఆదివారాలు కూర్చుంటాను. నాకేమీ ఇవ్వక్కర్లేదు” అంది ఫర్హా ఉత్సాహంగా.

అచ్యుతరామయ్యకు నిజంగానే కోపం వచ్చింది. “అదేం మాట? పనిచేసినవాళ్లకు ఏమీ ఇవ్వకపోవడమే కదమ్మా మనం ఇన్నాళ్లూ తిట్టుకుంటున్నది! పేజీకి మీ ఆఫీసు ఎంతిస్తుందో అంతకు తగ్గకుండా సంఘం ఇస్తుంది. వ్యాసం చివర పేరు కూడా వేస్తాం. ఒప్పుకుంటే చెయ్యి.”

ఆఫీసులో అనుమతి అడగాలి. త్రినాథరావు ఒప్పుకోడనే అనుకుంది. ఆయన కాగితం చదివి, “మన పత్రికలకు పోటీ కాదు, మన ఫైళ్లు ముట్టుకోవు. నాకు అభ్యంతరం లేదు” అని సంతకం పెట్టాడు. ఆమె గుమ్మం దాటుతుంటే పిలిచి, “అచ్చయ్యాక లింకు పంపమ్మా. మా తమ్ముడు భీమిలిలో చేపల వ్యాపారం చేస్తన్నాడు” అన్నాడు.

ఫోటోల దగ్గర చిన్న గొడవ వచ్చింది. దొరబాబు తన చెయ్యి వేసుకోమని సంతోషంగా సంతకం పెట్టాడు. పేరు మాత్రం వేయకూడదని డాక్టరు చెప్పేసరికి ముఖం చిన్నబోయింది.

“సెయ్యి నాది. పేరెయ్యకపోతే ఇది నా సెయ్యని ఎవుడికి తెలుస్తాదండీ?”

“వైద్యం రూలు దొరబాబూ. రోగి పేరు బయటపెట్టకూడదు.”

“రోగం తగ్గిపోనాది గదా! ఇంకా రోగేటి?”

చివరికి ‘ఈ పనికి దారి చూపిన హార్బర్ వారికి, వారిని కూడగట్టిన నూకాలుకు కృతజ్ఞతలు’ అని వేశారు. ఆమె రోగి కాదు కనుక రూలు అడ్డం రాలేదు. ఇంట్లో ఆ తర్వాత వారం రోజులు దొరబాబు అలిగాడని నూకాలు నవ్వుకుంటూ చెప్పింది.

వ్యాసం మరుసటి ఏడాది జూన్‌లో ఒక సోమవారం ఉదయం బయటికొచ్చింది. ఫర్హా ఆఫీసు బాల్కనీలో నిలబడి ఫోనులో తెరిచింది. మొదటి పేజీ, రెండో పేజీ, ఫోటోలు, పట్టికలు అన్నీ ఒక్కొక్కటిగా దిగుతుంటే చూసింది. ఎక్కడా ఆగమనలేదు, ఎవరివని అడగలేదు. చివర చిన్న అక్షరాల్లో ‘పేజీల కూర్పు, పరిశీలన: ఫర్హా’ అని ఉంది. ఇన్నేళ్లలో ఎన్ని వేల పేజీలు కట్టిందో ఆమెకే తెలియదు. పేరున్న పేజీ ఇదే.

రెండు నెలల్లో నాలుగువేల మంది చదివారు. కాకినాడ నుంచి, మచిలీపట్నం నుంచి, పాండిచ్చేరి నుంచి డాక్టర్లు అచ్యుతరామయ్యకు ఫోన్లు చేశారు. పరవాడ దగ్గర ఒక చిన్న క్లినిక్ డాక్టరు తన దగ్గరికి వచ్చే ఒక చేపలమ్మ చేతిని ఇది చదివాకే గుర్తుపట్టానని రాశాడు. మంగళూరు షెణై తన పాత వ్యాసాన్ని కూడా, తను టైపు చేసిన ప్రతిని, అందరికీ అందుబాటులో ఉండే చోట పెట్టింది. అలా పెట్టుకునే హక్కు ముందునుంచీ ఉందట, పెట్టాలని తోచలేదట.

ఇప్పుడు ఫర్హా ఉద్యోగం అక్కడే చేస్తోంది. సంఘం పత్రికకు నాలుగో సంచిక కడుతోంది. ఈమధ్య సంఘంలో కొందరు, ఖర్చులు పెరిగాయి, రాసేవాళ్ల దగ్గర కొంచెం తీసుకుంటే తప్పేమిటని మాట ఎత్తారు. మీటింగుకు ఆమెనూ పిలిచారు. ఎంత తీసుకుంటారు, ఎందుకు తీసుకుంటారు, అది ఎటు పోతుందో ప్రతి సంచికలో వేస్తారా అని ఆమె మూడు ప్రశ్నలు అడిగింది. ఇంకా తేలలేదు.

పోయిన నెలలో పత్రికకు ఒక మెయిల్ వచ్చింది. ఆఫ్రికా పడమటి తీరంలో ఒక రేవు ఊరి నర్సు, ఇంగ్లీషు తడబడుతూ రాసింది. తమ దగ్గర చేపలు పట్టేవాళ్ల చేతులు ఇలాగే ఉన్నాయని, వ్యాసాన్ని తమ భాషలోకి మార్చి క్లినిక్ గోడకు అంటించుకోవడానికి అనుమతి కావాలని, దానికి ఎంత కట్టాలో చెప్పమని అడిగింది.

ఫర్హా షెణైకి, అచ్యుతరామయ్యకు ఫోను చేసి ఒక్క మాట అడిగి, అన్నం డబ్బా పక్కకు తోసి, జవాబు టైపు చేసింది. ‘ఏమీ కట్టక్కర్లేదు. అనుమతీ అక్కర్లేదు. మార్చుకోండి, అంటించుకోండి. పట్టికల్లో డిగ్రీల అంకెలు దింపేటప్పుడు మాత్రం జాగ్రత్త. మార్చాక నాకు పంపితే ఒకసారి చూసి పెడతాను.’